ఎర్రబస్సు తిరిగే జాగా

గాజువాక ఆటోనగర్‌లో మా కమాన్ల షెడ్డుకి వచ్చే బండిని చూసి, అది ఎక్కడ తిరిగే బండో నంబరు ప్లేటు చూడకుండానే చెప్పేయొచ్చు. ఇందులో గొప్పేం లేదు. పాతికేళ్లు ఇదే పని చేస్తే మీరైనా చెప్పేస్తారు. పోర్టు నుంచి బొగ్గు ఎత్తే లారీ అయితే వెనక కమాన్ కట్ట మొత్తం ఒకే తీరుగా అరుగుతుంది. సిటీ బస్సుకి స్పీడు బ్రేకర్ల పుణ్యమా అని ముందు పట్టీలు పోతాయి. ఏజెన్సీ నుంచి దిగే జీపు సంగతి వేరు. దాని వెనక పట్టీలు వంపు పోయి బల్లపరుపుగా ఉంటాయి. ఒక్కోసారి తిరగేసిన విల్లులా కూడా ఉంటాయి. ఘాట్ దిగేటప్పుడు బరువంతా ముందుకు తోసుకొస్తుంది కాబట్టి ముందు మెయిన్ పట్టీ సెంటర్ బోల్టు దగ్గర చిట్లి ఉంటుంది. పదిమందికని చేసిన బండి పాతికమందిని మోస్తోందని ఆ ఇనుమే చెప్పేస్తుంది.

ఆ జీపుల వాళ్లు వచ్చి అడిగేది కూడా ఒకటే. ‘ఇంకో పట్టీ ఎక్స్‌ట్రా వెయ్యి మేస్త్రీ’. మా నాన్న ఉన్నన్నాళ్లూ వాళ్లకి ఒక మాట చెప్పేవాడు: ‘పట్టీ వేస్తే కమాను మోస్తుందిరా, బ్రేకు మోయదు’ అని. నేనూ అదే చెబుతుంటాను. వాళ్లు నవ్వి ఊరుకుంటారు. చింతపల్లి వైపు తిరిగే ఒక డ్రైవరు మాత్రం నవ్వలేదు. ‘సరే మేస్త్రీ గారూ, పదిమందినే ఎక్కిస్తాను. మిగిలిన పదిహేనుమందిలో ఎవుల్ని దింపీమంటారో మీరే చెప్పండి. కడుపుతో ఉన్న మనిషినా? సంత నుంచి మూటెత్తుకొచ్చిన ముసిల్దాన్నా? ఆసుపత్రికెల్లే పిల్లోడినా?’ అన్నాడు. అతను డబ్బుకోసమే తిప్పుతున్నాడు, కాదనను. కానీ అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

మా ఆటోనగర్ చూశారా మీరు? బండికి సంబంధించి ఇక్కడ దొరకనిది లేదు. ఒక వీధిలో బాడీలు కడుతుంటారు, ఇంకో వీధిలో ఇంజన్లు విప్పి పరుస్తారు. రేడియేటర్లు, సైలెన్సర్లు, సీటు కుట్టేవాళ్లు, అద్దాలు బిగించేవాళ్లు, ‘హారన్ ప్లీజ్’ రాసేవాళ్లు... పొద్దున్న లేస్తే సుత్తి దెబ్బలు, వెల్డింగు మెరుపులే. ఇన్ని బళ్లని నడిపించే చోట పనిచేసే కుర్రాళ్లలో చాలామందికి వాళ్ల ఊరు వెళ్లడానికి బండి లేదు. ఇది వేళాకోళం కాదు, మా షెడ్డులో కుర్రాడి సంగతే చెబుతాను.

వాడిది పాడేరు అవతల కొండమీద ఊరు. పాతిక గడపలు ఉంటాయేమో. పద్దెనిమిదేళ్ల వయసులో వచ్చాడు. ఇప్పుడు కమాన్ కట్ట ఒంటిచేత్తో విప్పేస్తాడు. మాకు ఆదివారం సెలవు. శనివారం సాయంత్రం ఏడింటికి షెడ్డు కట్టేశాక వాడు చేతులు కడుక్కుని గాజువాక జంక్షన్‌కి నడుస్తాడు. అనకాపల్లికి ఏదో ఒక బస్సో ఆటోనో దొరుకుతుంది. అక్కడి నుంచి చోడవరం. అప్పటికి పాడేరు ఎక్కే ఆఖరి బస్సు వెళ్లిపోయి ఉంటుంది. రాత్రికి బస్టాండు బల్లమీద పడక. తెల్లవారి మొదటి బస్సుకి మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కి పాడేరు దిగుతాడు. అక్కడ జీపు. జీపుకి టైము ఉండదు, నిండటమే టైము. ఇరవైమంది అయితేగాని కదలదు. అది దించిన చోటు నుంచి నాలుగు కిలోమీటర్లు కాలినడక. ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు. మళ్లీ రెండింటికల్లా బయల్దేరకపోతే కిందికి వచ్చే జీపు అందదు. అంటే పదిహేడు గంటలు ప్రయాణం చేసి తల్లి దగ్గర రెండు గంటలు కూర్చుంటాడన్నమాట. తిరిగొచ్చేది సోమవారం తెల్లారగట్ల. నెలకోసారి వెళ్లేవాడు, ఇప్పుడు రెండు నెలలకోసారి చేశాడు.

మొత్తం దారి నూట పాతిక కిలోమీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది. మా ఆటోనగర్ నుంచి రాత్రి తొమ్మిదింటికి లారీ ఎక్కినవాడు తెల్లారేసరికి విజయవాడ దాటిపోతాడు.

నలభై ఏళ్ల కిందట మా నాన్న పరిస్థితి ఇంతకంటే నయం. ‘ఎర్రబస్సెక్కి వచ్చావా’ అని పల్లెటూరి మనిషిని ఎగతాళి చేయడం మనకి అలవాటే కదా. మా నాన్న నిజంగానే ఎర్రబస్సెక్కి వచ్చాడు. మాడుగుల దగ్గర పల్లె మాది. (మాడుగుల అనగానే మీకు హల్వా గుర్తొస్తుంది. మాకు వానాకాలం బురద గుర్తొస్తుంది.) ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. మట్టి, రాయి, ఇసుక, సిమెంటు మోసే లారీలతో గాజువాక చుట్టుపక్కలంతా దుమ్ము. ఎన్ని లారీలుంటే అన్ని కమాన్లు విరుగుతాయి. మా నాన్నకి చేతినిండా పని. అయినా ప్రతి శనివారం రాత్రీ ఇంటికొచ్చేవాడు. ఎలా అంటే, మా ఊరికి నైట్ హాల్ట్ బస్సు ఉండేది.

ఈ తరం పిల్లలకి నైట్ హాల్ట్ అంటే తెలియకపోవచ్చు. రాత్రి ఎనిమిదింటికి పట్నంలో బయల్దేరిన ఆఖరి బస్సు మా ఊళ్లో రామాలయం ముందు ఆగి అక్కడే పడుకునేది. డ్రైవరు, కండక్టరు కూడా అక్కడే. ఎండాకాలం బస్సు టాపు మీద, వానాకాలం బడి వరండాలో. తెల్లారి అయిదింటికి హారన్ కొడితే ఊరంతా లేచేది. పాలక్యాన్లు, కూరగాయల తట్టలు, పరీక్షలకెళ్లే పిల్లలు, కోర్టు వాయిదాకెళ్లే పెద్దలు, అందరికీ అదే బస్సు. బెల్లం సీజనులో టాపు మీద దిమ్మలు అనకాపల్లికి వెళ్లేవి. మా నాయనమ్మ కళ్లజోడు కాడ విరిగితే కండక్టరుగారే పట్టుకెళ్లి బాగుచేయించి మర్నాడు రాత్రి తెచ్చిచ్చారు. రాత్రిపూట ఎవరికైనా పురుడొస్తే, పాము కుడితే, నిద్రపోతున్న డ్రైవరుని లేపడానికి ఊరు మొహమాటపడేది కాదు. అది టైముటేబుల్లో ఉండని ట్రిప్పు.

1932లో నిజాం రైల్వేవాళ్లు 27 బస్సులతో మొదలుపెట్టిన పని అది. 1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీ అయింది. 1999లో ప్రపంచంలోకెల్లా ఎక్కువ బస్సులున్న సంస్థగా గిన్నిస్ పుస్తకమెక్కింది. 2020 జనవరి 1 నుంచి ఉద్యోగులు ప్రభుత్వంలో కలిశారు. గిన్నిస్ రికార్డు సంగతి మా ఊళ్లో ఎవరికీ తెలియదు. రాత్రి బస్సు వచ్చిందా లేదా అన్నదే వాళ్లకి లెక్క.

మా కుర్రాడి ఊరి దారిలోకి కూడా ఒక బస్సు వచ్చేదట. రోజుకి రెండు ట్రిప్పులు, నాలుగు కిలోమీటర్ల ఇవతల మలుపు దాకా. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి ఆగింది. లాక్‌డౌన్ పోయింది, బస్సు రాలేదు. ఊరివాళ్లు వేలిముద్రలు వేసి ఒక ఆఫీసులో అర్జీ ఇచ్చారు. ‘ఓఆర్ లేదు’ అన్నారట. ఓఆర్ ఏమిటి గురూగారూ అని వాడు నన్నడిగాడు. సీట్లలో ఎన్ని నిండాయనే లెక్క అని చెప్పాను. కిలోమీటరుకి ఎంత రాబడి వచ్చిందో ఇంకో లెక్క ఉంటుంది. నష్టాల్లో ఉన్న సంస్థ లెక్క చూసుకోవడంలో తప్పేముంది అంటారేమో. తప్పు లేదు. కానీ పల్లె బస్సుకి ఈ లెక్క ఎప్పుడూ సరిపడదు. పొద్దున్న కొండమీది జనం కిందికి వస్తారు. ఆ జనాన్ని తేవడానికి ముందు ఖాళీ బస్సు పైకి వెళ్లాలి. సాయంత్రం నిండుగా పైకెళ్లిన బస్సు ఖాళీగా దిగాలి. రెండు వైపులా కలిపి లెక్కేస్తే సగం సీట్లు ఎప్పుడూ ఖాళీయే. బావిలోకి దిగే చేద ఖాళీగానే దిగుతుంది మరి.

బస్సు ఆగాక ఆ ఊళ్లో ఏం మారిందో అర్జీలో రాయలేదు. రాయడానికి గడి లేదు. మా కుర్రాడి చెల్లెలు పదో తరగతి బాగానే పాసైంది. పాడేరులో ఇంటర్ చేరింది. హాస్టల్లో సీటు దొరకలేదు. కొన్నాళ్లు జీపులో వెళ్లింది. జీపు నిండేవరకూ కూర్చుంటే మొదటి రెండు క్లాసులు పోతాయి. సాయంత్రం మలుపు దగ్గర దిగి చీకట్లో నాలుగు కిలోమీటర్లు నడవాలి. తల్లి ఎన్నాళ్లు పంపుతుంది? ఇప్పుడా పిల్ల ఇంటి దగ్గర పసుపు ఉడకబెడుతోంది. ‘మళ్లీ చేరుద్దారి గురూగారూ, బస్సొస్తే’ అంటాడు వాడు. ఏ బస్సూ రాకముందే దానికి పెళ్లి సంబంధం వచ్చేలా ఉంది.

ఆ కొండల్లో దారి మాట ఈనాటిది కాదు. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించిన కథ మీకు తెలిసే ఉంటుంది. తెల్లదొరల కాలంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండజనం చేత ఆ రోడ్డు పని చేయించి సరిగా కూలి ఇవ్వకుండా పీడించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడటానికి వెనకున్న కారణాల్లో అదొకటి. తమ చెమటతో వేసిన రోడ్డుమీద తమకి బండి లేకపోవడం అప్పుడే మొదలైంది. దాదాపు నూరేళ్ల తరవాత, 2022 ఏప్రిల్‌లో, పాడేరు కేంద్రంగా ఆయన పేరుతోనే జిల్లా ఏర్పడింది.

రైలు సంగతి కూడా అంతే. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 1960లలో వేసిన లైను ఇంజనీరింగ్ అద్భుతం, సందేహం లేదు. యాభైకి పైగా సొరంగాలు, సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున శిమిలిగూడ స్టేషను. కానీ అది వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని మన పోర్టుకి దించి జపాన్ పంపడానికి. రాయికోసం వేసిన దారిలో మనుషులకీ ఒక పాసింజరు దక్కింది. దానికి 2017లో అద్దాల పెట్టె తగిలించారు. అరకు అందాలు చూడ్డానికి మనం అందులో వెళ్లాం, నేనూ వెళ్లాను, బాగుంటుంది. పక్క పెట్టెల్లో సీతాఫలం తట్టలతో, పసుపు మూటలతో నిలబడి వచ్చేవాళ్లకి మాత్రం ఆ రైలు తప్పిపోతే ఆ రోజు సంత లేదు.

అలాగని ఏమీ జరగడం లేదనడం అన్యాయం. 2000 డిసెంబరులో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వచ్చినప్పుడు మైదానంలో 500 జనాభా, గిరిజన ప్రాంతాల్లో 250 జనాభా ఉన్న ఊళ్లకి రోడ్డు అన్నారు. ఆ 250 తలలు లేని ఊళ్లే మన కొండలమీద ఎక్కువ. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో, ఆదిమ తెగల గూడేలకి ఆ లెక్క 100కి దిగింది. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగూడ మండలంలో ‘అడవితల్లి బాట’ పేరుతో వెయ్యి కోట్ల రూపాయల రోడ్ల పనులకి శంకుస్థాపన చేశారు. రోడ్డు లేని ఊళ్ల నుంచి రోగుల్ని డోలీ కట్టి మోసుకొచ్చే ఫోటోలు పేపర్లో చూసి చూసి మన కళ్లు అలవాటుపడిపోయాయి కదా. వాటికోసమని 2018లో మోటారు సైకిలు అంబులెన్సులు తెచ్చారు. ఎవరికోసమూ చూడకుండా తామే దారి వేసుకున్నవాళ్లూ ఉన్నారు. 2020లో సాలూరు మండలం కొదమ పంచాయతీలో గిరిజనులు తలా ఇంత వేసుకుని కొండ తవ్వి రోడ్డు పోసుకున్నారు.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి పల్లెవెలుగు మొదలుకొని ఎక్స్‌ప్రెస్ దాకా టిక్కెట్టు లేదు. తెలంగాణలో 2023 డిసెంబరులోనే పెట్టారు. గాజువాక స్టాపులో పొద్దున్న చూస్తే తెలుస్తుంది, ఇళ్లల్లో పనికి వెళ్లే ఆడవాళ్లకి నెలకి ఎంత మిగులుతోందో. మా కుర్రాడి తల్లికి కూడా ఆ హక్కు ఉంది. ఎక్కడానికి బస్సే లేదు. ఆమె జీపుకి డబ్బిచ్చే వెళ్తోంది. మూటకి వేరే.

రోడ్డు పడితే బస్సు దానంతటదే వస్తుందనుకుంటాం. రాదు. రోడ్డు కాంట్రాక్టరు వేసి వెళ్లిపోతాడు. బస్సుని రోజూ ఎవరో ఒకరు నడపాలి, రోజూ డీజిలు పోయాలి, రోజూ నష్టం భరించాలి. అది ఎవరు భరిస్తారన్నదే అసలు ప్రశ్న. ఈ విషయంలో కేరళవాళ్లు చేసిన పని నాకు నచ్చింది. 2022 జూలైలో ‘గ్రామవండి’ అని మొదలుపెట్టారు. పంచాయతీ డీజిలు ఖర్చు పెట్టుకుంటుంది. బస్సు, డ్రైవరు, కండక్టరు, రిపేర్లు అక్కడి ఆర్టీసీవి. ఏ దారిన, ఏ టైముకి నడవాలో చెప్పేది పంచాయతీ. మన పంచాయతీల దగ్గర వీధిదీపాలకే డబ్బులుండవంటారు, నిజమే. ఏజెన్సీలో ఆ డీజిలు డబ్బు ఐటీడీఏ ఇవ్వకూడదా? డోలీ మోత ఫోటో పేపర్లో పడ్డాక జరిగే హడావుడికయ్యే ఖర్చు కంటే అది తక్కువే అవుతుందని నా లెక్క.

స్విట్జర్లాండ్‌లో కొండ ఊళ్లకి పసుపురంగు పోస్టు బస్సులు తిరుగుతాయి. 1906లో మొదలయ్యాయి. ఉత్తరాలు మోసే బండిలోనే మనుషుల్నీ ఎక్కించారు. మలుపు తిరిగేముందు మూడు స్వరాల హారన్ కొడతాయట. డబ్బున్న దేశం కాబట్టి చేశారనకండి, అప్పట్లో ఆ కొండల్లో ఉన్నదీ పేదజనమే. ఎలాగూ వెళ్లే బండిలో మనిషికి చోటిచ్చారు, అంతే. మా కండక్టరుగారు కళ్లజోడు తెచ్చిన పద్ధతికి ఇది తిరగేసిన పద్ధతి.

ఇక జీపులు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం డ్రైవరు కాక ఆరుగురికి మించి పన్నెండుమంది దాకా ఎక్కే కిరాయి బండి మాక్సీ క్యాబు. ఎవరో ఒకరు మొత్తంగా మాట్లాడుకుని వెళ్లాలేగాని, దారిలో ఆపి మనిషికింతని ఎక్కించుకోవడానికి దానికి పర్మిట్ లేదు. అది బస్సులు చేసే పని. అంటే మన్యంలో సగం జనాన్ని మోస్తున్న బండి చట్టం దృష్టిలో దొంగబండి. దొంగబండికి టైము ఉండదు, రేటు బోర్డు ఉండదు, ప్రమాదం జరిగితే మనిషికి దక్కే పరిహారం దగ్గరా పేచీయే. పట్టుకుంటే ఫైను, లేకపోతే పాతికమంది. ఇందాక చెప్పిన చింతపల్లి డ్రైవరుని, నీకు పర్మిట్ ఇచ్చి పన్నెండుమందితో టైము ప్రకారం తిప్పమంటే తిప్పుతావా అని అడిగాను. కాసేపు ఆలోచించాడు. ‘ఆ పన్నెండుమందితో డీజిలుకి చాలదు. తక్కువైంది ఎవులైనా ఇస్తే తిప్పుతాను. పోలీసుకిచ్చేది మిగులుద్ది, మీ పట్టీలకిచ్చేది కూడా మిగులుద్ది’ అన్నాడు. మా వ్యాపారానికి దెబ్బే, కానీ అతను చెప్పింది సబబుగానే తోచింది.

బస్సువాళ్లని అడిగితే ఇంకో ఇబ్బంది చెబుతారు. రోడ్డు ఉన్నా బస్సు పోలేదు, ఎందుకంటే తిప్పుకోడానికి జాగా ఉండదు. కొండదారిలో బస్సు ఎక్కడ తిరగగలదో అదే ఆఖరి స్టాపు. ఊరు అక్కడుందా ఇంకా పైనుందా అన్నది దానికి పట్టదు. కొన్ని ఊళ్లు బస్సుకి దూరమైంది ఈ ఒక్క కారణంతోనే. చిన్న బస్సులు పెడితే సగం సమస్య తీరుతుంది. ఉన్న పెద్ద బస్సే పంపాలంటే ఊరివాళ్లు జాగా చూపించాలి.

ఈ మాట నేను షెడ్డులో ఎవరితోనో అంటుంటే మా కుర్రాడు విన్నాడు. మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటూ, పెద్ద బస్సు తిరగాలంటే ఎన్ని అడుగులు కావాలి గురూగారూ అని అడిగాడు. అదే వారం బాడీ కట్టే షెడ్డులో ఒక బస్సుని వెనక్కీ ముందుకీ ఆడించి తిప్పుతుంటే ఇద్దరం నిలబడి అడుగులు లెక్కపెట్టాం. ఎటూ అరవై అడుగులుంటే ఇబ్బంది లేకుండా తిరుగుతుందని తేలింది. వాడు ఒక ప్లాస్టిక్ తాడుకి అరవై అడుగుల దగ్గర ముడేసి బ్యాగులో పెట్టుకున్నాడు.

కిందటి నెలలో ఊరెళ్లినప్పుడు రెండు గంటలు ఉండి రావాల్సినవాడు రెండు రోజులుండి వచ్చాడు. ఊరు మొదట్లో చింతచెట్టు పక్కన రాళ్లు తీసి, పారలతో, గునపాలతో ఆ తాడంత మేర చదును చేశారట. చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. రోడ్డు ఇంకా మలుపు దగ్గరే ఉంది. వచ్చే ఎండాకాలానికి ఊరిదాకా పోస్తారని చెప్పారట. ఈసారి అర్జీలో ఆ జాగా కొలత కూడా రాయించారు. మరి అంతవరకూ ఆ జాగా ఖాళీగా ఉంచారా అని అడిగితే, ‘ప్రస్తుతానికి మేకల్ని కడుతున్నాం గురూగారూ, మా చెల్లి పసుపు కూడా అక్కడే ఆరబోస్తంది. బస్సొచ్చినరోజు ఎత్తీస్తాం’ అన్నాడు.